బ్లూ డ్రీమ్ లాగ్: పెరట్లో ఒకటి, టెంట్‌లో ఒకటి

ఈ ఏడాది రెండే గంజాయి మొక్కలు. నేనుండే కెనడాలోని ఓంటారియోలో నాలుగు దాకా పెంచుకోవచ్చు. ఆ లెక్క మనిషికి కాదు, ఇంటికి. 2018 అక్టోబరు 17న గంజాయిని అనుమతించే చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పక్కనున్న క్వెబెక్‌లో మాత్రం ఒక్క మొక్క కూడా కుదరదు. ఇండియా సంగతి వేరే చెప్పాలా? గంజాయి మొక్క పెంచితే మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. కాబట్టి "వచ్చేటప్పుడు నాలుగు గింజలు పట్టుకురా బావా" అనే మెసేజ్‌లు సరదాకైనా పెట్టకండి.

రకం బ్లూ డ్రీమ్. బ్లూబెర్రీ, హేజ్ అనే రెండు రకాల సంకరం. కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ వైపు పుట్టింది. మొదట్లో విత్తనంగా కాకుండా కొమ్మ అంట్లుగానే చేతులు మారిందంటారు. ఇప్పుడు ఆడ మొక్కలే వచ్చేలా తయారుచేసిన విత్తనం దొరుకుతోంది, నేను వేసిందీ అదే. మగ మొక్క పక్కన ఉంటే పూత అంతా గింజ కట్టేస్తుంది, దానితో పనేం లేదు. ఈ రకంలో పొడుగు, బద్ధకంగా సాగే పూత హేజ్ నుంచి వచ్చాయి. పళ్ళ వాసన, గట్టి పూగుత్తులు బ్లూబెర్రీవి. కొత్తవాళ్ళకి ఇదే మంచిదని అందరూ చెబుతారు. పెరగడం వరకూ నిజమే, మొండిగా పెరుగుతుంది. చలి దేశంలో ఆరుబయట పండించడం మాత్రం వేరే కథ.

ఏప్రిల్‌లో లోపలే మొలకెత్తించాను, రోజుకి 18 గంటల వెలుతురులో. మే చివర్లో వచ్చే విక్టోరియా డే సెలవు వెళ్ళి మంచు భయం తీరాక ఒకదాన్ని పెరట్లో పెద్ద గుడ్డ కుండీలోకి మార్చాను. రెండోది బేస్‌మెంట్‌లో, మొక్కలు పెంచడానికి వాడే జిప్పు టెంట్‌లో, 20 లీటర్ల కుండీలో, ఎల్ఈడీ కింద. మట్టిలో పీట్ (కుళ్ళిన నాచు), పెర్లైట్ (తేలికపాటి తెల్ల గుళికలు), వర్మీకంపోస్టు. పీహెచ్ 6.2 నుంచి 6.8 మధ్య ఉంచితే చాలు. అది దాటితే ఎరువు వేసినా వేరు అందుకోదు, ఆకు పసుపు తిరిగిపోతుంది. మనం నత్రజని తక్కువైందనుకుని ఇంకా పోస్తాం, అక్కడే చెడుతుంది.

జూన్‌లో తలలు తుంచాను. మాది ఒంగోలు వైపు పొగాకు పండించే ఊరు కాబట్టి ఆ పని చేతికి అలవాటే, కాకపోతే ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పొగాకులో తల తుంచాక పిలకలు రాకుండా తీసేస్తూ ఉండాలి, బలమంతా ఆకుకి పోవాలి. ఇక్కడ పిలకలే పంట. ఐదారు కణుపులు వచ్చాక కొస తుంచితే కింది పిలకలు సమంగా లేస్తాయి. వాటిని మెత్తటి తీగతో పక్కకి వంచి కట్టాను. కట్టకపోతే బ్లూ డ్రీమ్ టెంట్ పైకప్పుని తాకి లైట్ వేడికి కొసలు మాడ్చుకుంటుంది. పూత మొదలయ్యాక కూడా మొదటి రెండు మూడు వారాల్లో దాదాపు రెట్టింపు పొడుగు సాగింది.

జులైలో నల్లి వచ్చింది. ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు. తిప్పి చూస్తే ఈనె పక్కన సన్నటి గూడు. వేపనూనె, సబ్బునీళ్ళు సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాను, వారం తర్వాత మళ్ళీ. పూత కనిపించాక వేపనూనె బంద్. తర్వాత పీల్చేది ఆ పూతనే.

పెరటి మొక్క ఆగస్టులో పగలు తగ్గగానే తనంతట తానే పూతకి వచ్చింది. టెంట్‌లో అయితే లైటు వెలిగే సమయాన్ని మనమే రోజుకి 12 గంటలకి తగ్గించాలి. చీకటి అంటే కటిక చీకటే ఉండాలి. జిప్పు సందులోంచి వెలుతురు పడుతూ ఉంటే ఆడ మొక్క మీద మగ పూలు తొంగిచూసే ప్రమాదముంది. పూతలో భాస్వరం, పొటాష్ పెంచి నత్రజని తగ్గించాను. తేమ 45 శాతం దగ్గర ఉండేలా చిన్న డీహ్యూమిడిఫైయర్. వాసనకి కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి, లేకపోతే వీధి మొత్తానికి తెలుస్తుంది.

అసలు తేడా సెప్టెంబరు చివర బయటపడింది. ఈ రకం పూతకి తొమ్మిది, పది వారాలు అడుగుతుంది. అంటే ఇక్కడ ఆరుబయట అక్టోబరు నడిమికి వెళ్ళిపోతుంది. అప్పటికి చలి, మంచు, ముసురు. వరసగా తుంపర పడ్డాక చూస్తే పెద్ద పూగుత్తి మధ్యలో ఒక్క చిన్న ఆకు ఎండి ఉంది, చుట్టూ అన్నీ పచ్చగానే ఉన్నాయి. పట్టుకుంటే లాగకుండానే ఊడి వచ్చింది. గుత్తిని విడదీస్తే లోపల కాడ గోధుమరంగులో మెత్తబడి, దాని మీద బూడిదరంగు నూగు. బూజు కుళ్ళు. పైకి కనిపించిన దానికన్నా కిందికి దిగి కోసి చెత్తలో పడేశాను. కుళ్ళింది ఎండబెట్టి వాడొచ్చనే సలహాలు వినకండి, ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది కాదు. మిగిలినది తొందరగా కోయాల్సి వచ్చింది.

టెంట్ మొక్కకి ఆ తొందర లేదు. భూతద్దంలో చూస్తే పూత మీది జిగురు బొడిపెలు గాజులా ఉంటే పచ్చి, పాలలా మారితే సిద్ధం, తేనె రంగు ఎక్కువైతే మత్తు బరువుగా ఉంటుందంటారు. చాలావరకు పాలరంగు, అక్కడక్కడ తేనె రంగు కనిపించినప్పుడు కోశాను. కొమ్మలు చీకటి అల్మరాలో తలకిందులుగా వేలాడదీశాను. 18 డిగ్రీలు, తేమ 55–60 శాతం. సన్న కొమ్మ వంచితే టక్కున విరగాలి, అప్పుడే సీసాలోకి. పొగాకు బ్యారన్‌లోలాగా వేడి పెట్టి ఆరబెట్టే పని కాదిది. వేడికి వాసనంతా ఎగిరిపోయి పచ్చిగడ్డి కంపు మిగులుతుంది. సీసాలో తేమని 62 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ పెట్టి, మొదటి రెండు వారాలు రోజూ మూత తీసి గాలి ఆడనిచ్చాను. ఎండాక బరువు నాలుగో వంతుకి పడిపోతుంది, పచ్చి తూకం చూసి మురిసిపోవద్దు.

ప్రభావం గురించి. దుకాణాల్లో బ్లూ డ్రీమ్ డబ్బా మీద సాధారణంగా 17–24 శాతం టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం) అని ఉంటుంది, మత్తివ్వని సీబీడీ దాదాపు సున్నా. కొద్దిగా తీసుకుంటే తల తేలికవుతుంది, మాటలు ఎక్కువవుతాయి, తర్వాత ఒళ్ళు వదులవుతుంది. నోరెండుతుంది, ఫ్రిజ్ తలుపు పదేపదే తెరుచుకుంటుంది. మోతాదు పెరిగితే ఇదే రకం గుండె దడ, అకారణ భయం తెస్తుంది. గంజాయిని సటైవా, ఇండికా అని రెండు రకాలుగా చెప్పి, సటైవా అంటే హుషారు, ఇండికా అంటే నిద్ర అనే చీటీలని నేను నమ్మను, మోతాదుని నమ్ముతాను. ముక్కుకి తగిలే వాసనలో ప్రధానం మైర్సీన్ అనే సుగంధ పదార్థం, అది మామిడిలోనూ ఉంటుంది. కాస్త ఘాటు కారియోఫిలీన్‌ది, మన మిరియాలు, లవంగాలలో ఉండేదే.

వంటలో కలిపితే ఎక్కడానికి గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. "ఏమీ కాలేదు" అని ఇంకోటి తినేవాళ్ళే ఆసుపత్రికి వెళ్తుంటారు. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు చరిత్ర ఉంటే, గర్భిణులైతే, అసలు జోలికి పోవద్దు. తీసుకున్న రోజు కారు తాళం ముట్టను. సీసాలు తాళం పెట్టెలో ఉంటాయి, ఇంట్లో పిల్లలున్నారు.

వచ్చే ఏడాది బ్లూ డ్రీమ్ టెంట్‌కే పరిమితం. పెరట్లోకి పగటి పొడుగుతో పనిలేకుండా పూసే ఆటోఫ్లవర్ రకం ఒకటి చూస్తున్నాను. మే చివర పెడితే ఆగస్టులోనే కోతకి వస్తుంది, ముసురు పట్టే వేళకి కుండీ ఖాళీ.