ఫ్రిజ్ సెన్సర్ పుణ్యమా అని నాకొచ్చిన మెమో

మా ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్‌లన్నిటికీ సెన్సర్లు బిగించి, అవి పంపే లెక్కల్ని, మా సిబ్బందికి తెలిసిన విషయాల్ని ఒకేచోట చేర్చాలనుకున్నారు. వార్డు ఇన్‌చార్జ్‌ని కాబట్టి మా వార్డు సంగతి నాకు అప్పగించారు. వైఫై, పాస్‌వర్డులు, ఫోన్లో యాప్ అన్నీ ఒక పూటలో అయిపోయాయి.

రెండో వారంలో మొదలైంది గొడవ. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మా గ్రాఫేమో రోజూ పొద్దున డ్యూటీ మారే వేళకి 11 దాకా ఎగబాకుతోంది. మీటింగులో దాన్ని తెర మీద వేసి, క్వాలిటీ చూసే ఆయన, "ఏం సిస్టర్, ఫ్రిజ్ తలుపు వేయడం కూడా నేర్పాలా?" అన్నారు. అదీ నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లల ముందు. అందరూ నవ్వారు. మర్నాడు మెమో చేతికొచ్చింది. ఆ స్టాకుకి "వాడొద్దు" అని చీటీ అంటించి, చల్లదనం తగ్గకుండా వేరే ఫ్రిజ్‌లో విడిగా పెట్టాం. నాకైతే ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

తెల్లారి డ్యూటీకి ముందే వెళ్లి ఫ్రిజ్ దగ్గర కాపు కాశాను. డ్యూటీ అప్పగించేటప్పుడు స్టాకు లెక్కపెడతాం కదా, తలుపు రెండు మూడు నిమిషాలు తెరిచే ఉంటుంది. సెన్సర్ బిగించిన కుర్రాడు ప్రోబ్‌ని, అంటే వేడి కొలిచే దాని కొసని, తలుపు అరలో, గాల్లో వేలాడదీసి పోయాడు! బయటి గాలి తగలగానే దాని అంకె పెరుగుతుంది. సీసాలో మందు అంత తొందరగా వేడెక్కదు. ప్రోబ్‌ని గ్లైకాల్ అనే, మందులాగే మెల్లగా వేడెక్కే ద్రవం ఉన్న చిన్న సీసాలో ముంచి, మధ్య అరలో టీకాల పక్కన పెట్టాలి. మా పాత థర్మామీటర్ అలాగే ఉండేది. మమ్మల్ని అడిగిందెవరు?

చోటు మార్చాక గ్రాఫ్ 5 దగ్గర కుదురుకుంది. మెమో వెనక్కి తీసుకున్నారు. సారీ అన్న మాట మాత్రం ఇంతవరకూ రాలేదు.

మీ దగ్గర సెన్సర్లు పెడుతుంటే, ప్రోబ్ ఎక్కడుందో ముందే ఫొటో తీసి పెట్టుకోండి. అలారం మోగిన ప్రతిసారీ కారణం రాయడానికి ఒక గడి కావాలని పట్టుబట్టండి. "అంకెలుండగా రాతలెందుకు" అన్నవాళ్లతో నేను నెల రోజులు పోట్లాడాను. ఇప్పుడు ఆ గడిలోనే నైట్ డ్యూటీ అమ్మాయి రాసిన ఒక ముక్క ఉంది: "3 గంటలకి కొంచెం పెరుగుతుంది. ఫ్రిజ్ తనంతట తాను మంచు కరిగించుకుంటోంది. కాసేపు చూడండి, దిగకపోతేనే ఫోన్ చేయండి." అది నాకూ తెలియదు.