అనిమేలో బొమ్మ నిలిచిన చోట

కడపలో అనిమే, అంటే జపాను బొమ్మల సిరీస్‌లూ సినిమాలూ, చూసేవాళ్లం కొందరం ఆదివారం సాయంత్రాలు ఒకచోట చేరి, ఆ వారం వచ్చిన ఎపిసోడ్ల మంచిచెడ్డలు మాట్లాడుకుంటూ ఉంటాము. మాలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఎక్కువ. బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు ఒకరిద్దరు ఉన్నారు. సీజన్ మారినప్పుడల్లా కొత్త సిరీస్‌లు వస్తాయి గాని మావాళ్ల ఫిర్యాదులు మాత్రం మారవు. పోరాటం మంచి ఊపు మీద ఉండగా కథానాయకుడు కత్తి ఎత్తి, కళ్లు ఉరిమి, అట్లే నిలిచిపోతాడని, బొమ్మ కదలదని మొదటి ఫిర్యాదు. రాక్షసుడు చచ్చేముందు అంత పొడుగు ఫ్లాష్‌బ్యాక్ ఎందుకని రెండవది. “డబ్బులు చాలక బొమ్మను ఆపేసినారన్నా, అంతే” అని మాలో అందరికంటే చిన్నవాడు ప్రతిసారీ తీర్పు చెబుతాడు. ఈ రెండు ఫిర్యాదులకూ జవాబు జపాను పాత రంగస్థలంలో ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మాటల మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పిన విషయాన్ని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

డబ్బుల మాట అబద్ధమేమీ కాదు. బొమ్మల కథకుడు ఒసాము తెజుకా తీసిన ‘ఆస్ట్రో బాయ్’ 1963 జనవరి 1న జపాను టీవీలో మొదలైనప్పుడు, వారం వారం అరగంట బొమ్మలాటను చేతితో గీసి అందించడం అక్కడ ఎవరికీ అలవాటు లేని పని. సెకనుకు నడిచే 24 ఫ్రేములకూ 24 బొమ్మలు గీయలేక ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలపడం, గీసిన బొమ్మలను దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడుకోవడం, నోరు మాత్రమే కదిలించడం వంటి పొదుపు పద్ధతులు అప్పుడే స్థిరపడ్డాయి. అయితే పొదుపు కోసం ఆపిన బొమ్మను చూసి ప్రేక్షకుడు విసుక్కోకుండా ఊపిరి బిగపట్టి చూశాడంటే, అట్లా చూడటం అతనికి అంతకుముందే వచ్చి ఉండాలి. 1930ల నుంచి వీధుల్లో సైకిలు మీద చెక్క చట్రం పెట్టుకుని వచ్చి, పిల్లలకు మిఠాయిలు అమ్మి, ఒక్కొక్క బొమ్మ అట్టను లాగుతూ కథ చెప్పిన కమిషిబాయి వాళ్లు ఆ అలవాటులో కొంత భాగం నేర్పారు. అంతకంటే పెద్ద భాగం జపాను పాత రంగస్థల నాటకమైన కబుకిది.

కబుకిలో కథ తారస్థాయికి చేరిన క్షణాన నటుడు నిలిచిపోయే భంగిమను మియె అంటారు. దానిని ఒకసారి దగ్గరగా చూడాలి. నటుడు కాలు ఎత్తి బలంగా ముందుకు వేస్తాడు, చేతులు చాచి బిగిస్తాడు, తలను వలయంగా తిప్పి ఒక్క కుదుపుతో ఆపుతాడు, కొన్ని పాత్రలలో ఒక కనుగుడ్డును ముక్కు వైపుకు లాగి చూపును మెలివేస్తాడు. సరిగ్గా ఆ కుదుపు దగ్గర, రంగస్థలం పక్కన మోకాళ్ల మీద కూర్చున్న మనిషి రెండు చెక్క ముక్కలతో నేల మీది పలకను టపటపా కొడతాడు. ఆ చెక్కల దెబ్బను త్సుకె అంటారు. ఇక అంతా నిశ్శబ్దం, నటుడు కదలడు. ఆ నిశ్శబ్దంలోనే హాలు వెనుక వరుసల నుంచి రసికులు ఆ నటుడి కుటుంబానికి ఉన్న బిరుదును, ఉదాహరణకు దంజూరో వంశమైతే “నరితయా” అని, ఒక్క కేకలో అందిస్తారు. క్షణం ముందు వేసినా, క్షణం తరువాత వేసినా ఆ కేక రసభంగమే. ఆ వంశానికి మొదటివాడైన ఇచికవ దంజూరో (1660–1704) ఎదో (నేటి టోక్యో) నగరంలో నిలబెట్టిన వీరరస నటనా పద్ధతిలో ఈ మియెకు పెద్దపీట ఉంది. ఆ పద్ధతిలో ముఖం మీద గీసే ఎర్రటి చారలు వీరుడి ఉబ్బిన నరాలనూ ఆవేశాన్నీ చూపుతాయి. నీలం చారలు దుర్మార్గుడివి, గోధుమ రంగు చారలు దయ్యాలకూ మనిషి కాని జీవులకూ చెందినవి.

ఇప్పుడు అబ్బాయిల కోసం తీసే ఏ షోనెన్ అనిమేలోనైనా పోరాట దృశ్యాన్ని గుర్తు చేసుకోండి. కథానాయకుడి నుదుటి మీద నరాలు ఉబ్బుతాయి, కన్ను తెరనిండా వస్తుంది, ఒక్క పెద్ద చప్పుడు వినిపిస్తుంది, బొమ్మ నిలుస్తుంది. చప్పుడూ నిలుపూ కలిసి పడే ఆ లెక్క మియె లెక్కే అని నాకు అనిపిస్తుంది. డబ్బు లేక ఆపిన బొమ్మకూ, ఆగవలసిన చోట ఆగిన బొమ్మకూ తేడా కూడా అక్కడే తెలుస్తుంది. మొదటిది ఎక్కడ పడితే అక్కడ, మాటల మధ్యలో, ఊరికే నిలుస్తుంది. రెండవదానికి ముందు కదలిక పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఒక అంచు చేరుతుంది. కాబట్టి మా చిన్నవాడి తీర్పు కొన్ని సిరీస్‌లకు న్యాయంగానే అతుకుతుంది, కాని మంచి దర్శకుల చేతిలోని నిలుపులకు అతకదు.

ఈ రుణాన్ని బాహాటంగా ఒప్పుకున్న కథ ‘వన్ పీస్’. 1999 నుంచి టీవీలో నడుస్తున్న ఆ సిరీస్‌లో, 2019లో మొదలైన వానో దేశపు ఘట్టం కబుకి నాటకంలా అంకాలుగా సాగుతుంది; తెర తీయడం, తెర వేయడం, షమిసెన్ అనే మూడు తీగల వాద్యం మోతతో కథకుడు గొంతెత్తడం అన్నీ అందులో ఉన్నాయి. అంతకుముందే, 2015లో, అదే ‘వన్ పీస్’ను టోక్యోలోని షిన్‌బషి ఎన్‌బుజో రంగస్థలం మీద కొత్త హంగుల సూపర్ కబుకిగా ఆడారు. ఆ ప్రదర్శనలో నిజమైన నీళ్లు రంగస్థలం మీద జలపాతంలా దూకాయి, కథానాయకుడు లూఫీ పాత్రధారి తీగల మీద ప్రేక్షకుల తలల పైనుంచి తేలిపోయాడు. ఇట్లా నటుడు గాలిలో వెళ్లడాన్ని కబుకిలో చూనోరి అంటారు, అది సినిమాల కాలంలో పుట్టిన తంత్రం కాదు, కబుకిలో ఎప్పటి నుంచో ఉన్న విద్య.

ఈ మాట చెప్పినప్పుడు కడప జిల్లావాళ్లం ఆశ్చర్యపోవలసిన పని లేదు. చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కుటుంబం ‘కీచక వధ’ ఆడడంతో మొదలైన సురభివాళ్ల నాటకాల్లోనూ పాత్రలు గాలిలో తేలుతాయి. తోలుబొమ్మలాట నుంచి రంగస్థలానికి వచ్చిన కుటుంబాలవి. కబుకి కూడా తన గొప్ప నాటకాలు చాలావాటిని బున్‌రాకు బొమ్మలాట నుంచే తెచ్చుకుంది. ఒక్క బొమ్మను ముగ్గురు మనుషులు ఆడించే ఆ విద్య కోసం రాసిన కథలనే నటులు తమ ఒంటి మీదికి ఎత్తుకున్నారు. బొమ్మ నుంచి మనిషికి, మనిషి నుంచి మళ్లీ గీసిన బొమ్మకు నటన చేతులు మారడం నన్ను ఎప్పుడూ కదిలించే విషయం. మా జేజినాయన తిరునాళ్లలో తెల్లవార్లూ కూర్చుని చూసిన పౌరాణిక నాటకాల్లోనూ కృష్ణుడి పాత్రధారి పద్యం చివర రాగం తీస్తూ చెయ్యెత్తి నిలిచిపోయేవాడు. హార్మోనియం ఆగకుండా మోగేది, కథ ఒక్క అడుగు కూడా ముందుకు కదిలేది కాదు, జనం మాత్రం “వన్స్ మోర్” అని అరిచి అదే పద్యాన్ని మళ్లీ పాడించుకునేవాళ్లు. ఆ జనం పిల్లలమూ మనవలమూ అయిన మనం అనిమేలో బొమ్మ నిలిస్తే విసుక్కోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక ఫ్లాష్‌బ్యాక్ సంగతి. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ ఇన్ఫినిటీ కాసిల్ సినిమా తెలుగు డబ్బింగుతో కూడా థియేటర్లకు వచ్చినప్పటి నుంచి మా ఆదివారాల్లో ఈ వాదన ఆగలేదు. యుద్ధం మధ్యలో అకాజా అనే రాక్షసుడి గతం అంతసేపు చెప్పడం దెబ్బ అని కొందరు, అదే సినిమాకు ప్రాణమని కొందరు అంటారు. నేను రెండవ పక్షం. నా కారణం, కబుకి కంటే పాతదైన జపాను నోహ్ నాటకం.

నోహ్‌ను ఈనాటికీ మనకు తెలిసిన రూపానికి తెచ్చినవాళ్లు 14, 15 శతాబ్దాలకు చెందిన తండ్రీ కొడుకులు కనామి, జెయామి. జెయామి తీర్చిదిద్దిన నాటకాల్లో ఒక రకం ఇట్లా నడుస్తుంది: ఊరూరూ తిరిగే సన్న్యాసి ఒక చోటికి వస్తాడు, అక్కడ ఎవరో పల్లెటూరి మనిషి కనిపించి ఆ చోట జరిగిన పాత కథ చెబుతాడు, తరువాత ఆ మనిషే తన అసలు రూపంలో, అంటే చచ్చిపోయినవాడి ఆత్మగా తిరిగి వచ్చి, తన చివరి ఘడియను నాట్యంలో మళ్లీ అనుభవించి, తన కోసం ప్రార్థించమని అడుగుతాడు. జెయామి రాసిన ‘అత్సుమోరి’ దీనికి గొప్ప ఉదాహరణ. 1184లో ఇచినోతాని యుద్ధంలో కుమగాయి అనే యోధుడు అత్సుమోరి అనే పసివాడిని చంపుతాడు. ఆ పశ్చాత్తాపంతో సన్న్యాసి అయిన కుమగాయికే ఈ నాటకంలో అత్సుమోరి ఆత్మ ఎదురవుతుంది. పగ తీర్చుకోవడానికి కత్తి ఎత్తిన ఆత్మ, తన కోసం ప్రార్థిస్తున్న ఈ మనిషి ఇక శత్రువు కాడని గ్రహించి కత్తి దించుతుంది. చంపినవాడే చచ్చినవాడి దుఃఖాన్ని కూర్చుని వినడం, విని ప్రార్థించడం – ఇదే ఆ నాటకం మొత్తం.

‘డీమన్ స్లేయర్’ కథానాయకుడు తంజిరో తాను నరికిన రాక్షసుడి చేయి పట్టుకుని, అతడి కోసం ప్రార్థించే దృశ్యాలను ఈ వెలుగులో చూడండి. అక్కడ రాక్షసుడి గతం కథకు అడ్డు పడుతున్న గతంలా నాకు ఎన్నడూ కనిపించలేదు. పోరాటమంతా అక్కడికి చేరడానికే జరిగిందనిపిస్తుంది. 2022లో ఈ కథనే టోక్యోలోని కాన్‌జె నోహ్ రంగస్థలం మీద, క్యోగెన్ అనే హాస్య నాటకాల నటుడు నొమురా మన్సాయి దర్శకత్వంలో నోహ్-క్యోగెన్‌గా ఆడారంటే నాకు వింత అనిపించలేదు. సొంత ఇంటికి వచ్చినట్టే వచ్చింది ఆ కథ.

అదే సినిమాలో ఇంకొక చిన్న విషయం మావాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఆ అంతులేని కోటను అటూ ఇటూ మార్చే రాక్షసి నకిమె చేతిలో ఉన్న తీగల వాద్యం బివా. ఒక్కసారి ఆమె తీగను మీటితే గది తలక్రిందులవుతుంది, నేల గోడ అవుతుంది, మనుషులు ఎక్కడికో జారిపోతారు. పూర్వం జపానులో చూపు లేని సన్న్యాసులు ఊరూరూ తిరుగుతూ, 1185లో ముగిసిన తైరా, మినమొతొ వంశాల యుద్ధ గాథను ఈ బివా మీటుతూనే చెప్పేవారు. అత్సుమోరి కథ వాళ్ల నోటి నుంచే నోహ్‌కు చేరింది. ఆ గాథనే నవోకో యమదా దర్శకత్వంలో సైన్స్ సారు స్టూడియో ‘హెయికె మొనొగతారి’ అనిమేగా తీసింది, 2022 మొదట్లో టీవీలో వచ్చింది. అందులో కథ చెప్పే పిల్ల పేరే బివా. అదే స్టూడియో నుంచి మసాకి యువాసా తీసిన ‘ఇను-ఓ’ సినిమా, జెయామి కాలంలోనే ఎంతో పేరు తెచ్చుకుని, ఒక్క నాటకం కూడా మిగలకుండా పోయిన ఒక నిజమైన నటుడి గురించి. దానిని రాక్ కచేరీలా తీశారు. కొందరికి అది అతి అనిపించవచ్చు, నాకు మాత్రం ఆ అతి ఎంతో నచ్చింది.

కదలిక దాదాపు పూర్తిగా ఆగిపోయే కళ రకుగో. కథకుడు ఒక్కడే మెత్తటి ఆసనం మీద మోకాళ్లు మడిచి కూర్చుంటాడు, చివరిదాకా లేవడు. చేతిలో ఒక విసనకర్ర, ఒక గుడ్డ ఉంటాయి. తల కుడికి తిప్పితే ఒక పాత్ర, ఎడమకు తిప్పితే ఇంకొక పాత్ర. విసనకర్ర మూసి పెదవుల దగ్గర పెట్టి జుర్రితే సోబా నూడుల్స్ తింటున్నట్టు, తెరచి చేతిలో పట్టుకుంటే ఉత్తరం చదువుతున్నట్టు. ఇటువంటి కళ మీద అనిమే తీయడం సాహసమే, ఎందుకంటే చూపడానికి పోరాటమూ లేదు, పరుగూ లేదు. 2016లో ఒక సీజనూ, 2017లో ఇంకొక సీజనూ వచ్చిన ‘షోవా గెన్‌రోకు రకుగో షింజూ’ ఆ సాహసం చేసింది. దాని మొదటి ఎపిసోడ్‌లో జైలు నుంచి బయటికి వచ్చిన యోతారో అనే యువకుడు జనం ముందు కథ చెప్పే ఘట్టాన్ని చాలాసేపు చూపుతారు. కెమెరా అతడి నుదుటి చెమటను, వేళ్లను, మెల్లగా నవ్వు మొదలైన ఒక్కొక్క ప్రేక్షకుడి ముఖాన్ని పట్టుకుంటుంది. మావాళ్లకు అది చూపించినప్పుడు ఎవరూ ఫోను తీయలేదు.

ఇప్పుడు మాలో ఆడపిల్లలు ఎక్కువగా మాట్లాడేది ‘అకానె-బనాషి’ గురించి. 2022 నుంచి వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో వస్తున్న ఈ మాంగాలో, అంటే జపాను బొమ్మల కథలో, రకుగో కథకుడైన తండ్రిని ఒక పెద్ద గురువు పరీక్షలోనే వెలివేస్తే, ఆయన కూతురు అకానె అదే విద్య నేర్చి పెద్ద కథకుల స్థాయి అయిన షిన్‌ఉచికి ఎదగాలని బయలుదేరుతుంది. టోక్యోలో స్త్రీలు ఆ స్థాయికి మొదటిసారి చేరింది 1993లో గాని కాదని తెలిస్తే ఆ పిల్ల పట్టుదల బరువు అర్థమవుతుంది. కబుకిలోనైతే, 1603 ప్రాంతంలో ఒకుని అనే స్త్రీయే ఆ కళకు ఆద్యురాలు కాగా, 1629లో స్త్రీలను రంగస్థలం మీదనే నిషేధించారు. ఈనాటికీ స్త్రీ పాత్రలను ఒన్నగత అనే పురుష నటులే పోషిస్తారు. మన సురభిలో తొలినాళ్ల నుంచీ ఇంటి ఆడవాళ్లే స్త్రీ పాత్రలు వేశారని నేను చెప్పగానే, డిగ్రీ చదివే ఒక అమ్మాయి “అయితే మనకు ఇక్కడే ఇంత కథ ఉంటే ఎవరూ బొమ్మల్లో ఎందుకు గీయలేదు?” అని అడిగింది. ఆ ప్రశ్న మీదనే మిగిలిన సాయంత్రమంతా గడిచింది. సురభి కుటుంబంలోని ఒక ఆడపిల్ల కథను పది పేజీల బొమ్మల కథగా గీయడానికి ఆమె, బొమ్మలు బాగా వేసే ఇంకొక అబ్బాయి ఒప్పుకున్నారు. మొదటి పేజీలో ఏ భంగిమ దగ్గర బొమ్మ నిలవాలన్న దాని మీద ఇద్దరికీ అప్పుడే మాటామాటా వచ్చింది.