థ్యాంక్స్ గివింగ్ నాడు ఓపేర్‌కి సెలవుందా?

అమెరికాలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే తెలుగు ఇళ్ళలో పిల్లల్ని చూసుకోవడానికి ఒక పాత లెక్క ఉంది. ఆర్నెల్లు అత్తామామలు, ఆర్నెల్లు అమ్మానాన్న. విజిటర్ వీసా మీద మామూలుగా ఒక విడతకి ఆర్నెల్లే ఉండనిస్తారు కాబట్టి వంతులేసుకుని రావాల్సిందే. మా ఇంట్లో ఆ లెక్క కొన్నాళ్ళు బాగానే నడిచి తప్పింది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అత్తయ్యకి చలి పడదు. ఇద్దరు పిల్లల డేకేర్ ఫీజేమో ఇంటి లోన్ వాయిదాతో పోటీ పడుతోంది. సరిగ్గా అప్పుడే గ్రీన్‌కార్డ్ చేతికొచ్చింది కాబట్టి ఓపేర్ గురించి ఆలోచించగలిగాం. హెచ్1బి మీద ఉన్నన్నాళ్ళూ ఆ దారి లేదు. ఓపేర్‌ని పెట్టుకునేవాళ్ళు సిటిజన్లో, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళో అయి ఉండాలి.

ఓపేర్ అంటే తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. 18 నుంచి 26 ఏళ్ళ లోపు వేరే దేశం అమ్మాయో అబ్బాయో జె1 వీసా మీద ఏడాదికి వచ్చి మన ఇంట్లోనే ఉంటూ పిల్లల్ని చూసుకుంటారు. వాళ్ళకంటూ ఒక గది ఇవ్వాలి. రోజుకి పది గంటలు, వారానికి 45 గంటలు దాటి పని చెప్పకూడదు. వారంలో ఒకటిన్నర రోజు, నెలకో పూర్తి వీకెండ్ సెలవు. ఏడాదిలో రెండు వారాలు జీతంతో సెలవు. చేతికిచ్చే డబ్బు వారానికి కనీసం 195 డాలర్ల 75 సెంట్లు. ఏదైనా కోర్సు చదువుకోవడానికి 500 డాలర్ల దాకా ఇంటివాళ్ళే ఇవ్వాలి. ఓపేర్‌ని కుదిర్చే ఏజెన్సీ ఫీజు వేరే, అదీ వేలల్లోనే.

ఇదంతా ఫోన్లో చెప్తే అత్తయ్య అంతా విని, "మరి అంట్లు తోమదా?" అన్నారు. తోమదు. పిల్లల బట్టలు, పిల్లల తిండి, వాళ్ళ గది, అంతవరకే. "అయితే ఎందుకమ్మా అంత డబ్బు పోసి?" అని ఆవిడ ఇప్పటికీ అడుగుతారు.

కాగితాల మీద ఇది ఉద్యోగం కాదు, సాంస్కృతిక మార్పిడి. ప్రోగ్రాం నడిపేది కూడా కార్మిక శాఖ కాదు, స్టేట్ డిపార్ట్‌మెంట్. అమెరికన్ కుటుంబంతో ఉండి అమెరికా జీవితాన్ని దగ్గరగా చూడాలన్నది ఉద్దేశం. కొలంబియాలోని మెడెయిన్ నుంచి ఆ ఉద్దేశంతోనే విమానం ఎక్కిన అమ్మాయి న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంట్లో దిగింది. ఆదివారం ఇండియన్ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌లో బెండకాయలు ఏరడం, పెద్దదాని కూచిపూడి క్లాసు, శనివారం సాయంత్రం గుమ్మం నిండా చెప్పుల జతలు. ఆమె చూసిన అమెరికా ఇదీ! వీడియో కాల్‌లో అన్నీ ముందే చెప్పాం. ఇండియన్ కుటుంబం అనగానే ఆ ఒక్క కాల్‌తో మాయమైన అమ్మాయిలు ఉన్నారు. ఈమె మాత్రం క్రిస్మస్ చెట్టు పెడతారా అని అడిగింది. పెడతాం అన్నాం. అంతకుముందెప్పుడూ పెట్టలేదు.

నిజం చెప్పాలంటే మేం ఇన్నేళ్ళుగా అమెరికాలో ఉన్నాం గానీ అమెరికా పండగల్లో లేం. హాలోవీన్‌కి పిల్లల్ని తిప్పడం, జూలై 4న బాణాసంచా, అంతే. నవంబర్ చివర్లో కుటుంబాలన్నీ ఒకచోట చేరి టర్కీ కోడి వండుకునే థ్యాంక్స్ గివింగ్ అంటే నా వరకు ఆన్‌కాల్, అంటే ఆఫీసు ఎప్పుడు పిలిచినా పలకాల్సిన డ్యూటీ. టీమ్‌లో అందరూ సొంతూళ్ళకి పోతారు, ఆ వారం నడుస్తున్న సిస్టమ్స్ ఎవరు చూస్తారంటే మనవాళ్ళే చెయ్యెత్తుతారు. బదులుగా దీపావళికి ఒక రోజు దొరుకుతుంది. మేనేజర్‌కీ హాయి, మనకీ హాయి.

ఆ అమ్మాయి వచ్చిన ఏడాది అలా కుదరలేదు. నవంబర్ మొదటి నుంచే టర్కీ ఎప్పుడు కొంటాం అని మొదలుపెట్టింది. పన్నెండు పౌన్ల గడ్డకట్టిన పక్షి ఫ్రిజ్‌లో మెల్లగా కరగడానికి మూడు రోజులు పడుతుంది. దానికి చోటు కోసం ఇడ్లీ పిండి గిన్నె, పెరుగు, మా ఆయన ఆవకాయ జాడీ అన్నీ గరాజ్‌లోకి నడిచాయి. మసాలా దగ్గర గొడవ. మా ఆయన అల్లం వెల్లుల్లి, గరం మసాలా పట్టిస్తానంటాడు. ఆమె సినిమాల్లో చూసినట్టు వెన్న, రోజ్‌మేరీ తప్ప ఏమీ వద్దంటుంది. చివరికి రొమ్ము భాగం ఆమెకి, కాళ్ళు మాకు. థర్మామీటర్ 165 ఫారన్‌హీట్ చూపించేదాకా అవెన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. రొమ్ము భాగం చప్పగా ఉంది, ఆమె కూడా కాళ్ళే తింది.

సాయంత్రం స్నేహితులు వచ్చారు. ఒకావిడ తన రెండేళ్ళ వాణ్ణి సరాసరి ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టి, "మీ నానీకి చెప్పండి, వీణ్ణి కూడా కాస్త చూస్తుంది" అంది. అంది నాతోనే, ఆ పిల్లతో కాదు. "ఈరోజు తనకి సెలవండి, మనలాగే పండగకి కూర్చుంది" అన్నాను. ఆవిడ నవ్వేసి పిల్లాణ్ణి తీసుకుంది గానీ ముఖం కొంచెం మాడింది. తర్వాత ప్లేట్లు తీసే వేళ ఆ అమ్మాయి లేచింది. ఇంటి మనిషిగా లేచిందా, పనికని లేచిందా? నాకిప్పటికీ తెలియదు. అప్పటిదాకా కూర్చున్న మగవాళ్ళు మాత్రం ఆమె లేచిందని మరింత నిశ్చింతగా కూర్చున్నారు. వాళ్ళని లేపి సింక్ దగ్గర నిలబెట్టాను.

ఓపేర్ జీవితంలో మెలిక ఇక్కడే. పండగంటే మనకి ఆఫీసు ఉండదు, వాళ్ళకేమో పిల్లలు ఇంట్లో ఉంటారు. న్యూజెర్సీలో నవంబర్‌లో టీచర్ల కన్వెన్షన్ అని గురు, శుక్రవారాలు స్కూళ్ళు మూస్తారు. మంచు పడితే మూస్తారు. క్రిస్మస్‌కి వారం పైన. పండగ సెలవులు ఇచ్చి తీరాలని ప్రోగ్రాం రూల్స్‌లో ఎక్కడా లేదు, ఇంటివాళ్ళ ఇష్టం. థ్యాంక్స్ గివింగ్ రోజు పొద్దున మా ఓపేర్, మేసీస్ స్టోర్ వాళ్ళు ఆ పండక్కి జరిపే పరేడ్‌కి తోటి ఓపేర్లతో న్యూయార్క్ వెళ్ళొచ్చింది. బ్రెజిల్ అమ్మాయి వచ్చిందట, జర్మనీ అమ్మాయి వచ్చిందట. థాయ్‌లాండ్ అమ్మాయి రాలేదు. ఆమె ఇంటివాళ్ళు విమానంలో చుట్టాలింటికి వెళ్తూ పిల్లల కోసం తననీ తీసుకెళ్ళారు. అది ట్రిప్పా, డ్యూటీనా అని వీళ్ళందరూ రైల్లో వచ్చేటప్పుడు వాదించుకున్నారట. నన్నడిగితే డ్యూటీయే.

మా ఇంట్లోనూ క్రిస్మస్ సెలవుల్లో లెక్క తప్పబోయింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఐదు రోజులంటే యాభై గంటలు. రూలు 45. "పర్లేదు, నేను చూస్తాను" అంది ఆమె. మొహమాటం మన సొత్తు ఒక్కటే కాదు. మా ఆయన శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టాడు.

డిసెంబర్ 7 రాత్రి మాత్రం ఆమె పండగ. కొలంబియాలో ఆ రోజు వీధులు, కిటికీలు, గుమ్మాలు కొవ్వొత్తులతో నింపేస్తారు. దీపావళికి మేం వాడిన ప్రమిదలు అడిగి తీసుకుని కొవ్వొత్తులతో పాటు మెట్ల మీద వరస పెట్టింది. గాలికి ఆరిపోతుంటే మా పెద్దది చేతులు అడ్డం పెట్టి కూర్చుంది. ఎదురింటి అమెరికన్ పెద్దాయన కుక్కని తిప్పుతూ ఆగి, మళ్ళీ దీపావళి వచ్చిందా అని అడిగాడు. "ఇది మా అక్క దీపావళి" అంది మా చిన్నది. ఎలిజబెత్ అనే ఊళ్ళో కొలంబియా వాళ్ళ బేకరీ నుంచి బున్యుయేలోస్ తెచ్చింది ఆ రోజు. జున్నుతో చేసి వేయించిన ఉండలు. చక్కెర లేని బూరెల్లా ఉంటాయి, వేడిగా ఉంటేనే బాగుంటాయి.

ఏడాది అయ్యాక ప్రోగ్రాం ఆరు, తొమ్మిది లేదా పన్నెండు నెలలు పొడిగించుకోవచ్చు, అదే ఇంట్లోనో మరో ఇంట్లోనో. ఆమె మరో ఇల్లు ఎంచుకుంది. కొండలు, స్కీయింగ్, గోల్డెన్ రిట్రీవర్. తను వచ్చింది దానికోసం కదా, నాకు కోపం రాలేదు. పిల్లలు రెండు రోజులు అలిగారు. కొలరాడో కుటుంబంతో వీడియో కాల్ మా వంటింటి బల్ల దగ్గరే జరిగింది, నేను పోపు పెడుతున్నాను. వాళ్ళు పిల్లల ఇష్టాలు, కుక్క పేరు అన్నీ చెప్పాక నీకేమైనా అడగాలనుందా అన్నారు. థ్యాంక్స్ గివింగ్ రోజు నాకు పని ఉంటుందా అని అడిగింది. మమ్మల్ని ఆ మాట అడగలేదు. ఇద్దరిదీ హాస్పిటల్ డ్యూటీ, ఆ ఏడు ఎవరికి పడుతుందో ఇంకా తెలియదు అన్నారు వాళ్ళు. అయితే ఎన్ని గంటలు అని అడిగి పుస్తకంలో రాసుకుంది.