శకటమెక్కిన లక్కబొమ్మలు

మా ఇంటి అద్దాల బీరువాలో పుస్తకాలకు చోటు తగ్గి లక్కబొమ్మలకు చోటు పెరుగుతూ వస్తోంది. అందుకే 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఏటికొప్పాక బొమ్మల శకటానికి మూడో బహుమతి వచ్చిందన్న వార్త చదివి, సొంత మనుషులకు గౌరవం దక్కినట్లు మురిసిపోయాను.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఆ ఊరిలో, గిరగిర తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టగానే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రంతా పరుచుకొని అద్దంలా మెరుస్తుంది. ఆ పని చూస్తూ ఎంతసేపైనా నిలబడగలను. రసాయన రంగుల స్థానంలో మొక్కల నుంచి తీసిన రంగులను మళ్లీ నిలబెట్టేందుకు కృషి చేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) 2017లోనే వచ్చింది.

అయితే బహుమతుల వార్తలకు దక్కినంత చోటు అంకుడు చెట్ల పెంపకానికి పత్రికల్లో దక్కడం లేదు. కర్ర అందుబాటులో లేకపోతే ఎంత నేర్పున్న కళాకారుడైనా చేయగలిగింది లేదు కనుక, నాకు ఆ వార్తే ముఖ్యమనిపిస్తుంది.