గుంట గట్టు మీద ఐదు పూటల నమాజు

మాది నెల్లూరు దగ్గర ముత్తుకూరు వైపు. నాలుగు రొయ్యల గుంటలు, అంటే చెరువులు, లీజుకు తీసుకుని పెంచుతున్నాను. రంజాన్ నెలలో ఐదు పూటలా నమాజు, మిగతా పదకొండు నెలలు శుక్రవారం జుమ్మా మాత్రమే. పదేళ్లు అలాగే గడిచిపోయాయి.

రొయ్యలు వేసినవాడికి తెల్లవారుజామున నిద్ర ఉండదు. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే వాడేసుకుంటుంది. తెల్లారే ముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే నాలుగింటికి లేచి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా, రొయ్య పైకి తేలుతోందా అని టార్చి వేసి చూసుకోవాలి. ఒక డిసెంబరులో అలా గట్టు మీద తిరుగుతుంటే ఊరి మసీదులో ఫజర్ అజాన్, అంటే తెల్లవారుజాము నమాజుకు పిలుపు, మొదలైంది. ‘అస్సలాతు ఖైరుమ్ మినన్నౌమ్.’ నిద్ర కంటే నమాజు మేలు. ఆ మాట పడుకున్నవాళ్లను లేపడానికి. నేను లేచే ఉన్నాను. రొయ్య కోసం లేచినవాణ్ని అల్లా కోసం రెండు రకాతుల నమాజుకు నిలబడలేనా అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మోటారు దగ్గరే ముఖం, కాళ్లూచేతులూ కడుక్కుని వుజూ చేసుకుని, సముద్రం వీపు వైపుకి వచ్చేలా నిలబడ్డాను. మాకు కిబ్లా, అంటే నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు, పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది.

ఫజర్ అలా కుదిరింది. మధ్యాహ్నం జొహర్‌తోనూ ఇబ్బంది లేదు, పది గంటల మేతకూ రెండు గంటల మేతకూ మధ్య బోలెడు టైముంది. చిక్కంతా సాయంత్రం అసర్‌తో వచ్చింది. ఫోన్‌లో నమాజు వేళల యాప్ 3:25కి అసర్ అంటుంది. మా మసీదులో నాలుగు దాటితే గానీ అజాన్ కాదు. ఎవరిది నమ్మాలి? నమాజు వేళకు ముందే చేసేస్తున్నానేమో అని టెన్షన్. వేళ రాకుండా చేసిన నమాజు లెక్కలోకి రాదు, వేళ దాటితే ఖజా, అంటే తర్వాత తీర్చాల్సిన బాకీ, అవుతుంది.

ఇమాం సాబ్‌ను అడిగితే ఒకరోజు పన్నెండు కాకముందే గుంటల దగ్గరికే వచ్చారు. “ఫోన్ పక్కన పెట్టు బేటా, ఒక కర్ర తీసుకురా” అన్నారు. చదునుగా ఉన్నచోట, నేల పైన నాలుగు జానలు ఉండేలా కర్ర పాతాం. నీడ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, 12:10 ప్రాంతంలో మూడు జానల దగ్గర ఆగింది. అక్కడొక ఆల్చిప్ప పెట్టారు. కాసేపటికి నీడ చిప్పను దాటి తూర్పు వైపు జరిగింది. “చూశావా, పొద్దు వాలింది. ఇక జొహర్ వచ్చినట్టే” అన్నారు. ఆ మూడు జానలకు కర్ర పొడవు ఒకసారి కలిపితే ఏడు జానలు. ముస్లింలలో షాఫయీ, హనఫీ అని వేర్వేరు ధర్మశాస్త్ర పద్ధతులున్నాయి. షాఫయీలకు అప్పుడే అసర్, యాప్ చూపిస్తున్నది అదే. మన హనఫీలకు కర్ర పొడవు రెండుసార్లు కలపాలి, అంటే పదకొండు జానలు. సాయంత్రం నేనొక్కణ్నే కూర్చుని జానలు వేసి కొలిచాను. పదకొండో జాన నిండేసరికి 4:10 అయింది. ఊళ్లోంచి అజాన్ వినిపించింది. ఆ క్షణం ఒళ్లు జలదరించింది. నమాజు విశ్వాసులకు నిర్ణీత వేళల్లో విధిగా చేయబడిందని ఖురాన్‌లో నిసా సూరా 103వ ఆయతు. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ వేళ నా గట్టు మీద నీడై కదలడం మాత్రం అప్పుడే చూశాను.

కర్ర అక్కడే ఉంచేశాను. ఏప్రిల్ చివర్లో చూస్తే సూర్యుడు నడినెత్తిన, కర్రకు నీడే లేదు. అప్పుడు ఎనిమిది జానలకే అసర్.

పొద్దుగూకగానే చేసే మగ్రిబ్‌కు వేళ తక్కువ, సరిగ్గా ఆరు గంటల మేతకు అడ్డం పడేది. మా దగ్గర పనిచేసే పెద్దాయన హిందువు, నాన్న వయసువాడు. నాలుగు రోజులు నా హడావిడి గమనించి, “నువ్వు పో అబ్బయ్యా, మేత నేను చల్లతాలే” అన్నాడు. ఇప్పుడు నేను రొయ్య మేత తిన్నదీ లేనిదీ తెలిపే చెక్ ట్రేలు చూస్తూ మర్చిపోయినా ఆయనే అరిచి చెప్తాడు. రాత్రి ఇషాకు ఇంటికి వెళ్లి ఊరి మసీదులో జమాత్‌తో, అంటే అందరితో కలిసి, చేస్తాను. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రాత్రులు మాత్రం ఇప్పటికీ కష్టమే. వలలు, ఐసు, లారీల మధ్య ఒకసారి ఇషా పోగొట్టుకున్నాను. ఆ తర్వాత నుంచి లారీ వచ్చేలోపే ముగించుకుంటున్నాను.

ఇక ఆ పదేళ్ల బాకీ. ఒక రోజు ఖజా అంటే తప్పనిసరి నమాజులైన ఫర్జ్ 17 రకాతులు, ఇషా తర్వాత చేసే విత్ర్ మూడు రకాతులు, మొత్తం 20. ప్రతి నమాజుతో పాటు పాత నమాజు ఒకటి చేస్తూ, మేత లెక్కలు రాసే పుస్తకం చివరి పేజీలో రోజుకో గీత పెడుతున్నాను. ఏడాదిన్నర గీతలు అయ్యాయి.