తక్కువ స్కోరుతోనే స్పీచ్ పాథాలజీ మాస్టర్స్‌లోకి

జీఆర్ఈలో వెర్బల్, క్వాంటిటేటివ్ విభాగాలకు స్కోరు 130 నుంచి 170 వరకు ఉంటుంది. నా క్వాంటిటేటివ్ స్కోరు అడుగంచుకు దగ్గరగా ఉందని చూసిన రోజు, అమెరికాలో స్పీచ్ పాథాలజీ (మాట సమస్యలకు చికిత్స చేసే రంగం) నిపుణులకు ఆషా, అంటే అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్, ఇచ్చే ధ్రువీకరణకు అవసరమైన మాస్టర్స్ సీటు నాకు దక్కదనే అనుకున్నాను. అయితే జీఆర్ఈ అడగని విశ్వవిద్యాలయాలు ఇప్పుడు చాలానే ఉన్నాయని తెలిసి, ఎక్కువ దరఖాస్తులు వాటికే పంపాను.

అసలు శ్రమంతా దరఖాస్తుతో పంపే వ్యాసం మీద పెట్టాను. ధ్రువీకరణకు కావలసిన 400 క్లినికల్ గంటల్లో పరిశీలనకు చెందిన 25 గంటలను ముందే పూర్తి చేసినందువల్ల, నత్తి ఉన్న ఒక బాలుడు తన పేరు చెప్పబోయి ఆగిపోయినప్పుడు, చికిత్స చేస్తున్న ఆవిడ ఆ మాటను తాను అందించకుండా ఓపికగా ఎదురుచూసిన తీరు నాకేం నేర్పిందో వివరంగా రాయగలిగాను. స్కోరుకు సాకులు వెతకలేదు. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. చివరికి రెండు చోట్ల సీటు వచ్చింది.