పూచెను గలువలు: మన బాంగర్ వెల్ష్ తరగతి

మనమంతా మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేస్తున్న సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడగ్గానే, అథ్రావెస్ గారి (అంటే మన వెల్ష్ టీచరమ్మ) అట్టముక్కలు కళ్ళముందు కదిలాయి. వేల్స్ కొండల అందం గురించి రాస్తే బాగుంటుందన్నారు గానీ, దానికి ఖమ్మం తమ్ముడు ఉన్నాడు, ఫోటోలతో సహా. నేను జంతువుల గురించే రాస్తాను. మనకు ఇక్కడి భాష వెల్ష్ అబ్బిందంటే అది వాటి చలవే.

గురువారం సాయంత్రాలు, చాపెల్ వెనక గది, హీటరు పక్కన గుంటూరు వదిన కుర్చీ. బారా బ్రిత్ (ఎండుపళ్ళ రొట్టె) ముక్కల సంగతి ఇక్కడ ఎత్తను, ఆ మనిషి కూడా ఈ సంచిక చదువుతారు.

అథ్రావెస్ గారు హ్లీన్ ద్వీపకల్పంలో పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. మొదటి నెలల్లో పుస్తకం తెరవనివ్వలేదు. "మీ పేర్లు, ఉద్యోగాలు తర్వాత. ఈ నేల మీద మీకంటే, నాకంటే ముందు నుంచి ఉంటున్నవాళ్ళ పేర్లు ముందు" అనేవారు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు కత్తిరించి వెనకవైపు రంగు పెన్సిళ్ళతో బొమ్మలు తనే వేసేవారు. మోఖిన్ డేయర్‌కి ఒక చెవి పెద్దది, ఒకటి చిన్నది. డ్రైనోగ్ మీద టీ మరక. అంచులు చిరిగి పీచు లేచిన ఆ ముక్కల్ని ఒక్కొక్కటే బల్లమీద పెట్టి, మనం విడదీసి చెప్పేదాకా ఊరుకునేవారు కాదు. మోఖిన్ అంటే పంది, డేయర్ అంటే నేల, కలిపితే బొరియల్లో ఉండే బాడ్జర్. డ్రైనోగ్‌లో ముళ్ళు, హ్లుయ్‌నోగ్‌లో పొద, అస్గవార్నోగ్‌లో చెవి. చివరి 'ఓగ్' ఉన్నవాడని చెప్పేది. "అయితే ముళ్ళోడు, పొదలోడు, చెవులోడు" అని వదిన ఒక్క మాటలో తేల్చేసింది. ముళ్ళపంది, నక్క, కుందేలు ఆ తర్వాత ఎవరికీ మరపుకు రాలేదు. నక్కకు దక్షిణ వేల్స్‌లో వేరే పేరుంది కాబట్టి, స్వాన్సీ నుంచి బదిలీ మీద వచ్చిన నెల్లూరు డాక్టరుగారు కడ్నో అనే అన్నారు చివరిదాకా. ఆ తగువు ఇంకా తెగలేదు.

అసలు చెప్పాల్సింది డవర్‌గి సాయంత్రం గురించి. బొమ్మలో ఏటి ఒడ్డున తడి మీసాలతో ఒక జంతువు. మొదటి సగం నీళ్ళు, రెండో సగం కుక్క అన్నారు అథ్రావెస్ గారు. "అది మా కృష్ణా లంకల్లో నీరుకుక్క కదండీ" అంది వదిన. అందరం నవ్వేశాం, సంతోషం పట్టలేక. అప్పుడు ఖమ్మం తమ్ముడు అడిగాడు: కుక్క విడిగా ఉంటే 'కీ', ఇందులో 'గి' ఎందుకయింది?

ఆవిడ జవాబు మొదలుపెట్టేలోపే వెనక కుర్చీలోంచి పెద్దాయన లేచారు. చలికాలం కొడుకు దగ్గర గడపడానికి వచ్చి, ఓవర్‌కోటు విప్పకుండా ఊరికే కూర్చునే మన పండితులుగారు. బోర్డు దగ్గరికెళ్ళి పెన్ను తీసుకుని గుండ్రని అక్షరాలతో రాశారు: పూచెన్ + కలువలు = పూచెను గలువలు. "పరుషం సరళమైందమ్మా, అంతే. మన సరళాదేశం" అన్నారు. పక్కనే అథ్రావెస్ గారు తన జాబితా రాశారు: పిల్లి కాథ్, 'ఆ పిల్లి' అన్నప్పుడు అ గాథ్. గుడ్లగూబ తహ్లీఅన్, అ దహ్లీఅన్. క గ అయింది, త ద అయింది, ప బ అవుతుంది. ఇద్దరూ బోర్డుకు చెరోవైపు నిలబడి ఒకరి భాష ఒకరికి రాకుండానే పాఠం చెప్పారు. ఆవిడ కలువలనే మాటను తెలుగు లిపిలోనే తన నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు.

తర్వాత సముద్రం జంతువులు వరుసగా విచ్చుకున్నాయి. మోర్ అంటే సముద్రం. దూడ హ్లో, సీల్ మోర్లో. మృగం మిల్, తిమింగలం మోర్‌విల్. కాకి బ్రాన్, మోర్‌వ్రన్ మన నీరుకాకి. మ, బ రెండూ వ అయ్యాయి, హ్ల ల అయింది. "ఇవి మనకు లేవు, వీళ్ళ సొంతం" అని పెద్దాయన మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి తరగతిలో ఎవరు తడబడినా పక్కవాళ్ళు "పూచెను!" అనడం, వెంటనే మాట సరిగ్గా రావడం మీకందరికీ గుర్తే.

మిగతా ఏళ్ళు పరీక్షలతో, డ్యూటీలతో గడిచిపోయాయి.

ఇప్పుడు నేను పెద్దవాళ్ళ వార్డు చూస్తున్నాను. 2021 జనాభా లెక్కల్లో వేల్స్ మొత్తం మీద వెల్ష్ మాట్లాడగలవాళ్ళు 17.8 శాతమే, మన గ్వినెడ్ జిల్లాలో మాత్రం నూటికి 64 మంది. మతిమరుపు జబ్బు ముదిరితే చాలామందికి తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు జారిపోతుంది, అమ్మ ఒడిలో విన్నది మిగులుతుంది. ఒక రైతు తాత వచ్చిన దగ్గర్నుంచి ఎవరితోనూ పలకలేదు. మంచం పక్కన కూర్చుని, మీ పొలంలో మోఖిన్ డేయర్ తిరుగుతుందా అని ఆయన భాషలో అడిగాను. తల తిప్పి చూశాడు. "మా పక్క ప్రీ హ్లుయిడ్ అంటాం" అన్నాడు. దాని బొరియ ఏ గట్టు కింద ఉండేదో చెప్పాడు. ఆ వెంటనే ఎడమ తుంటి ఎక్కడ నొప్పి పుడుతోందో కూడా చెప్పాడు. మందు మార్చాం. ఆ సాయంత్రం సూపు తాగాడు. ఈ ఉద్యోగంలో నేను గర్వపడే రోజుల్లో అదొకటి.

వదిన ఒళ్ళో కూర్చుని గ్వివెర్ గోఖ్ బొమ్మకు తోక దిద్దిన మా అమ్మాయి ఇప్పుడు మెనాయ్ వంతెన అవతల మోన్ (ఆంగ్లిసీ) దీవిలో ఆ ఎర్ర ఉడతల లెక్కే చూస్తోంది. బూడిదరంగు ఉడతలు తెచ్చిన జబ్బుతో 1990ల చివరికి అక్కడ నలభై దాకానే మిగిలాయట. బూడిదవాటిని తొలగించాక ఇప్పుడు వందల్లో ఉన్నాయి. రిపోర్టులు రెండు భాషల్లో రాస్తుంది, వెల్ష్ ముందు. మనం కలిసిన మర్నాడు నియుబర్ అడవిలోకి తనే తీసుకెళ్తానంది. పొద్దున్నే బయల్దేరాలి, నేల తడిగా ఉంటుంది, బూట్లు తెచ్చుకోండి.